తాతగారి జావా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాతగారు 1968లో కొన్న జావా 250 మోటారు సైకిలు 2001 నుంచి మా పశువుల కొట్టంలో నిలబడి ఉంది. కిక్కు రాడ్డు కదలడం లేదు. ఆ బండిని ఇంట్లోనే నా చేతులతో బాగు చేసుకోవాలని ఉంది. ఊళ్లో మెకానిక్కు మాత్రం "ఇంజను పట్టేసింది, వేరే ఇంజను దింపి, ఒళ్లంతా కొత్త రంగు కొట్టిద్దాం" అంటున్నారు. పని ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మెకానిక్కు చెప్పిన ఆ రెండు పనులూ ఇప్పుడు చేయవద్దు. మీ బండి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైనది. చెకొస్లొవేకియా జావా కంపెనీతో ఒప్పందం చేసుకుని 1961లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ కర్మాగారం, తర్వాతి కాలంలో యెజ్డీ పేరుతో బండ్లు చేసి, 1996లో మూతపడింది. కాబట్టి మీ బండికి పుట్టినప్పటి నుంచి ఉన్న ఇంజను, ట్యాంకు, హెడ్‌లైటు గూడు, చైను చుట్టూ ఉండే ఇనుప పెట్టె వంటివి ఒకసారి పాత ఇనుము కొట్టుకు వెళ్లిపోతే అటువంటివి మళ్లీ దొరకడం చాలా కష్టం. విప్పిన ఏ భాగాన్నీ, అది ఎంత తుప్పు పట్టి ఉన్నా, పని పూర్తయ్యేవరకు పారేయకండి.

పానా పట్టుకునే ముందు బండిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. తర్వాత ఒక్కొక్క భాగం విప్పుతున్నప్పుడు కూడా తీయండి. నట్లు, వాషర్లు ఎక్కడివక్కడ వేరు వేరు సీసాల్లో వేసి, సీసా మీద కాగితం అంటించి పేరు రాయండి. ఖాళీ పచ్చడి సీసాలు ఇందుకు చక్కగా పనికొస్తాయి. నేను మొదటిసారి జావా ఇంజను విప్పినప్పుడు గేరుపెట్టె ఇరుసు మీది పలుచటి వాషరు ఒకదాని స్థానం రాసుకోలేదు. ఇంజను బిగించాక గేరు పడటం మానేసింది. కారణం ఆ వాషరే అని తేలడానికి ఇంజనంతా మళ్లీ విప్పవలసి వచ్చింది.

ఇక పట్టేసిన ఇంజను సంగతి. జావాలో గేరు రాడ్డు, కిక్కు రాడ్డు ఒక్కటే. దాన్ని లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కుగా మారుతుంది. కదలని ఇంజను మీద ఆ రాడ్డుపై నిలబడి బలంగా తొక్కితే లోపలి పళ్లు విరిగిపోతాయి. అందుచేత కిక్కు జోలికి వెళ్లకుండా స్పార్కు ప్లగ్గు విప్పి, డీజిలు, ఇంజను ఆయిలు సమపాళ్లలో కలిపి ఆ రంధ్రం గుండా పోయండి. పిస్టన్ కింది భాగంలో ఆగిపోయి ఉంటే మీరు పోసినది పక్క రంధ్రాల గుండా సైలెన్సర్లలోకి కారిపోతుంది. అప్పుడు నిరుత్సాహపడక రోజూ కొంచెం కొంచెం పోస్తూ ఒక వారం ఆగండి. ఆ తర్వాత పై గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. చాలా బండ్లలో ఏదో ఒక పూట అది వెంట్రుకవాసి కదులుతుంది. ఒకసారి కదిలిందంటే మిగిలిన పని ఓపికది మాత్రమే. అప్పటికీ కదలకపోతే హెడ్డు తీసి, పిస్టన్ నెత్తి మీద చెక్కముక్క పెట్టి, సుత్తితో తేలికగా తట్టండి. ఇనుప కడ్డీ మాత్రం వాడకండి, ఎందుకంటే పిస్టన్ అల్యూమినియంది, పగులుతుంది.

పిస్టన్ కదిలిందన్న సంతోషంలో వెంటనే పెట్రోలు పోసి స్టార్టు చేయడం ఎంతోమంది చేసే పొరపాటు. ఇది టూ స్ట్రోకు ఇంజను, అంటే దీనికి ఆయిలును పెట్రోలులోనే కలిపి పోస్తారు. కార్బ్యురేటర్ నుంచి వచ్చే పెట్రోలు, గాలి మిశ్రమం ముందుగా క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) ఉన్న గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండరులోకి ఎక్కుతుంది. ఆ గదికి రెండు పక్కలా ఉండే ఆయిలు సీళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఎండిపోయి గట్టిపడి ఉంటాయి. క్లచ్చు వైపు సీలు పోతే ఇంజను గేరాయిలును పీల్చి తెల్లటి పొగ కక్కుతుంది. డైనమో వైపు సీలు పోతే బయటి గాలిని పీల్చుకుంటుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు, దానితో పాటు ఆయిలు పాలు తగ్గుతాయి, వేడెక్కిన పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. కాబట్టి ఒకసారి ఇంజను పూర్తిగా విప్పి సీళ్లు, బేరింగులు మార్చడం తప్పనిసరి. ఈ పనిలో ఇంట్లో చేయకూడనిది ఒకటి ఉంది. క్రాంకును ప్రెస్సు మీద విడదీసి, కనెక్టింగ్ రాడ్డు మార్చి, మళ్లీ వంకర లేకుండా సరిచేయడం అనుభవం ఉన్న లేత్ పనివారికే సాధ్యం. మీకు దగ్గరలోని విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ల పని చేసేవారిని వాకబు చేసి, వారు చేసిన బండి ఒకటి చూసి, అప్పుడు ఇవ్వండి.

మీ సిలిండరు లోపలి కొలత కొత్తలో 65 మిల్లీమీటర్లు. గోడ మీద తుప్పు గుంటలు గోటికి తగులుతూ ఉంటే బోరు కొట్టించి, అంటే లోపలి గోడను కాస్త కోయించి, తగిన పెద్ద సైజు పిస్టన్ వేయాలి. ముందు పిస్టన్ కొని, దాని కొలతకు తగ్గట్టు బోరు కొట్టించండి గాని, బోరు కొట్టించాక పిస్టన్ కోసం తిరగకండి. బోరు అయ్యాక సిలిండరు గోడలోని రంధ్రాల అంచులు కత్తిలా పదునుగా తయారవుతాయి. వాటిని సన్నని ఆకురాయితో కాస్త మొద్దుగా చేయించాలి, లేకపోతే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ అంచులకు తగులుకుని విరుగుతాయి. పిస్టన్ గాడుల్లో చిన్న చిన్న మేకులు కనిపిస్తాయి. రింగు రెండు కొసలూ ఆ మేకు దగ్గరే కలవాలి. సిలిండరు దింపేటప్పుడు రెండు వేళ్లతో రింగును నొక్కిపట్టి, కొసలు మేకు మీదికి ఎక్కలేదని కళ్లతో చూసుకుని, అప్పుడే కిందికి జార్చండి. ఏమాత్రం బిగుతుగా అనిపించినా బలవంతం చేయకుండా మళ్లీ పైకి తీయండి.

రంగు అన్నిటికంటే చివర. ఇంజను నడిచి, బ్రేకులు పట్టి, బండి వంద కిలోమీటర్లు తిరిగి, ఎక్కడా ఆయిలు కారడం లేదని నమ్మకం కుదిరాక అప్పుడు ఆలోచించండి. నన్నడిగితే, పాత మెరూన్ రంగు, దాని మీది బంగారు గీత ఇంకా కనబడుతూ ఉంటే వాటిని అలాగే ఉంచమంటాను. కిరోసిన్‌తో జిడ్డు కడిగి, పాలిష్ పెట్టి, మైనం పూస్తే యాభై ఏళ్ల రంగులో కూడా వెలుగు వస్తుంది. మీ తాతగారి చేతుల కింద అరిగిన రంగు అది, ఏ పెయింటరూ దాన్ని తిరిగి వేయలేడు. మళ్లీ కొట్టించక తప్పదనుకుంటే ట్యాంకు అడుగున, సీటు కింద ఎండ తగలని చోట అసలు రంగు మిగిలి ఉంటుంది, దాన్ని చూపించి కలిపించండి. ఇంజను కేసింగులకు మాత్రం ఇసుక బ్లాస్టింగు చేయించకండి, మూలల్లో ఇరుక్కున్న ఒక్క రేణువు చాలు, కొత్త బేరింగు పాడవడానికి.

ప్రశ్న: పాత యెజ్డీ ట్యాంకు లోపల దళసరిగా తుప్పు పట్టింది. బాత్రూం కడిగే ఆసిడ్ పోస్తే పోతుందని అంటున్నారు, పోయవచ్చా? — ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: దయచేసి పోయకండి. ఆ ఆసిడ్ తుప్పుతో పాటు మంచి రేకును కూడా తింటుంది, బయట ఒక చుక్క పడితే క్రోమ్ పొరను దెబ్బతీస్తుంది. కడిగి ఆరబెట్టే లోపే లోపల కొత్త తుప్పు ఎర్రగా కమ్ముకుంటుంది. ముందుగా ట్యాంకును సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు నింపి వంపి, పెట్రోలు వాసన పూర్తిగా పోయేలా చేయండి. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి ఉంటుంది. ఆ ట్యాంకుకు వెల్డింగు పెట్టి ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు. తర్వాత గుప్పెడు నట్లు వేసి గట్టిగా ఆడించి, పొలుసులు రాల్చండి. ఆపైన తెల్ల వెనిగరు నింపి ఒకటి రెండు రోజులు ఉంచితే మిగిలిన తుప్పు మెత్తబడుతుంది. ఆ వెనిగరును వంపేసి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టిన వెంటనే కొంచెం టూటీ ఆయిలు (టూ స్ట్రోకు ఇంజన్లకు వాడేది) పోసి లోపలంతా తిప్పండి.

మరొక్క మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. కాబట్టి పెట్రోలు పైపు, కాక్ వాషర్లు కొత్తవి వేయండి, వారాల తరబడి బండి తీయనప్పుడు ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేసి ఉంచండి. కొత్తగా బోరు కొట్టించిన ఇంజనుకు మొదట్లో లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు కలపడం మంచిది.

ప్రశ్న: జావా 6 వోల్టుల లైటు మరీ గుడ్డిగా ఉంది. 12 వోల్టులకు మార్చవచ్చా? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రోజూ రాత్రిళ్లు నడిపేవారైతే మార్చుకోవడంలో తప్పు లేదు, విప్పిన డైనమో భాగాలు మాత్రం భద్రంగా దాచండి. అయితే నేను చూసిన గుడ్డి లైట్లలో ఎక్కువ వాటికి కారణం 6 వోల్టులు కాదు, తుప్పు పట్టిన ఎర్తు. వైర్లన్నీ కొత్తవి వేసి, ఎర్తు తగిలే చోట ఎమరీ పేపరుతో లోహం కనబడేదాకా గీకి చూడండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు తాళంచెవిని ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలిపి విడదీసే స్విచ్చు) మూసుకుని ఉన్న స్థితిలో ఆగితే బ్యాటరీ కరెంటు కాయిల్‌లో పారుతూనే ఉండి, దాన్ని కాల్చేస్తుంది.

ప్రశ్న: మా మామయ్య పేరున ఉన్న 1970 నాటి బండి బాగు చేశాను. ఆయన ఇప్పుడు లేరు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించడం మేలా, మామూలు ఆర్.సి. రెన్యువల్ చేయించడం మేలా? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆర్.సి. పేరు మార్పు మొదట జరగాలి. యజమాని మరణించినప్పుడు వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంటుంది. ఆపై దారి, మీరు బండిని ఎలా వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాతి నమోదుకు 5,000 రూపాయలు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఆ బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం వంటి వాటికి తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మీరు బజారుకూ పొలానికీ అదే బండి మీద వెళ్లాలనుకుంటే ఫారం 25తో మామూలు రెన్యువలే మీకు తగినది.

ఏ దారి పట్టినా తనిఖీకి వచ్చే అధికారి మొదట చూసేది ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు. తెనాలి పాఠకుడికి ఇంజను మార్చవద్దని నేను చెప్పడానికి ఇది కూడా ఒక కారణం. రంగుకు ఇచ్చే ముందే ఆ రెండు నంబర్లనూ దగ్గరగా ఫొటో తీసి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుని, వాటి మీద పుట్టీ గాని, గ్రైండరు గాని పడకుండా టేపు అంటించి పెయింటరుకు అప్పగించండి.