మోడల్ ధర కంటే మార్కెట్ ధర ఎక్కువుంటే ఆప్షన్ అమ్మేయొచ్చా?

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆప్షన్ల (షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుల) ధర లెక్కగట్టే ప్రోగ్రాం పైథాన్‌లో రాసుకున్నాను. బ్లాక్-షోల్స్ ఫార్ములాతో చేసినా, పది లక్షల మాంటే కార్లో సిమ్యులేషన్లతో (షేరు ధర కదిలే దారుల్ని యాదృచ్ఛికంగా పుట్టించి సగటు తీసి) చేసినా దాదాపు ఒకే ధర వస్తోంది. మార్కెట్లో ప్రీమియం (ఆప్షన్ ధర) మాత్రం అంతకంటే బాగా ఎక్కువ. వాటిని అమ్మితే ఆ తేడా మిగులుతుంది కదా? దాచుకున్న డబ్బులో సగం ఇందులో పెడదామనుకుంటున్నాను.

జవాబు: సగం కాదు, ప్రస్తుతానికి ఏమీ పెట్టకండి. రెండు పద్ధతుల్లో ఒకే ధర వచ్చిందంటే మీ కోడ్‌లో తప్పులేదని మాత్రమే అర్థం, ఎందుకంటే రెండింటికీ మీరిచ్చిన వోలటాలిటీ (షేరు ధర ఎంత ఊగుతుందో చెప్పే అంకె) ఒకటే, షేరు ధర ఎలా కదులుతుందన్న ఊహా ఒకటే. సిమ్యులేషన్లు నాలుగు రెట్లు చేస్తే మాంటే కార్లో లోపం సగమవుతుంది, నిజమే. కానీ తగ్గేది శాంపిల్ వల్ల వచ్చే లోపం, మీరిచ్చిన అంకెలో ఉన్న లోపం కాదు.

ఆ అంకె ఎంత పని చేస్తుందో చూడండి. షేరు 100, స్ట్రైక్ (ఆప్షన్‌లో ముందే అనుకున్న ధర) 100, గడువు ఒక నెల, వడ్డీ సున్నా అనుకుందాం. ఏడాది వోలటాలిటీ 20 శాతం అంటే కాల్ (కొనే హక్కు) ధర సుమారు 2.30 వస్తుంది, 30 శాతం అంటే 3.45. మిగతావేవీ మారలేదు, అయినా ధర ఒకటిన్నర రెట్లయింది. మీరు బహుశా గత ఏడాది ధరల నుంచి వోలటాలిటీ తీసుకుని ఉంటారు, మార్కెట్ మాత్రం రాబోయే నెల గురించి ఆలోచిస్తోంది. ఆ నెలలో కంపెనీ ఫలితాలు ఉంటే ప్రీమియం పెరగడం మామూలే.

అసలు ఇంకో విషయం చాలామందికి తట్టదు. మోడల్ ఇచ్చేది అంచనా కాదు, ఆప్షన్ అమ్మినవాళ్లు షేర్లతో హెడ్జ్ చేయడానికి, అంటే నష్టం రాకుండా కాచుకోవడానికి, అయ్యే ఖర్చు. షేరు ఇప్పుడు 100 ఉంది, రేపు 110 అయినా కావచ్చు, 90 అయినా కావచ్చు అనుకోండి. 100 స్ట్రైక్ కాల్ అమ్మి అర షేరు కొని పెట్టుకుంటే, పెరిగితే 55లోంచి 10 చెల్లించాలి, తగ్గితే 45 అలాగే ఉంటుంది, రెండు విధాలా మిగిలేది 45. అర షేరుకు 50 పెట్టాం కాబట్టి ఆప్షన్ ధర 5. పెరిగే అవకాశం ఎంత అన్న ప్రశ్నే రాలేదు! కాక్స్, రాస్, రూబిన్‌స్టైన్ 1979లో ఇచ్చిన బైనోమియల్ ట్రీ మొత్తం ఇలాంటి అడుగుల మీదే నిలబడింది, 1973 నాటి బ్లాక్-షోల్స్‌లోనూ ఇదే ఆలోచన. అంటే మీకు కనబడుతున్న తేడా చేతికి రావాలంటే ఆప్షన్ అమ్మి ఊరుకుంటే చాలదు, గడువు దాకా షేర్లు కొంటూ అమ్ముతూ డెల్టా (హెడ్జ్‌కు ఉంచుకోవాల్సిన షేర్ల లెక్క, పై ఉదాహరణలో అర షేరు) సరిచేస్తూ ఉండాలి, పైగా షేరు నిజంగా ఊగే ఊపు మీరు అమ్మిన ధరలో దాగిన వోలటాలిటీ కంటే తక్కువ ఉండాలి.

మార్కెట్ ఎక్కువ అడగడానికి కారణం కూడా ఉంది. 1987 అక్టోబర్ 19న డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. ఫార్ములా ప్రకారం అలాంటి రోజు దాదాపు అసాధ్యం. అప్పటి నుంచి తక్కువ స్ట్రైక్ పుట్‌లకు (అమ్మే హక్కులకు) ఇంప్లైడ్ వోలటాలిటీ (మార్కెట్ ధర నుంచి వెనక్కి లెక్కగట్టే వోలటాలిటీ) ఎక్కువగా ఉండటం మామూలైపోయింది. అది పొరపాటు ధర కాదు, బీమా ప్రీమియం లాంటిది, అమ్మితే ఆ బీమా ఇచ్చేది మీరే. కాల్‌ను హెడ్జ్ లేకుండా అమ్మితే నష్టానికి హద్దే ఉండదు. ఆర్థికవేత్తలు షోల్స్, మెర్టన్ ఈ సిద్ధాంతానికి 1997లో నోబెల్ అందుకున్నారు, వాళ్లు భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ ఫండ్ 1998లో కుప్పకూలింది.

మీ ప్రోగ్రాం వృథా అని నేననడం లేదు, దాన్ని తిరగేసి వాడండి. మార్కెట్ ధర ఇచ్చి న్యూటన్ పద్ధతితో (ఊహను అడుగడుగునా సరిచేసుకుంటూ జవాబు చేరే లెక్కతో) ఇంప్లైడ్ వోలటాలిటీ రాబట్టండి, అన్ని స్ట్రైక్‌లకూ పక్కపక్కన చూడండి. అమ్మాలనిపించిన ప్రతిదీ కొన్ని నెలలు కాగితం మీదే అమ్మి, రోజూ హెడ్జ్ ఖర్చు, బ్రోకరేజీ, కొనే-అమ్మే ధరల తేడా, పన్ను తీసేసి ఎంత మిగిలిందో రాసుకోండి. ఆ లెక్క తర్వాత కూడా ఆసక్తి ఉంటే, ముందు ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు వేరే పెట్టి, ఎగువ స్ట్రైక్ కాల్ కూడా కొని నష్టానికి హద్దు కట్టుకుని, మొత్తం పోయినా ఇంటి ఖర్చుకు టెన్షన్ పడక్కర్లేనంత మొత్తంతోనే మొదలుపెట్టండి.