మూత్ర పరీక్షలో ఆ ప్రోస్టాగ్లాండిన్ పెరిగితే గర్భసంచి జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 34. ఏడాదిన్నరగా ఉన్నట్టుండి ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి వేడెక్కుతున్నాయి. గుండె దడ, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, విరేచనాలు కూడా ఉంటాయి. కాసేపటికి అవే తగ్గిపోతాయి. థైరాయిడ్, షుగర్, ఈసీజీ అన్నీ నార్మల్. టెన్షన్ వల్లే అన్నారు. రక్తంలో ట్రిప్టేజ్ కూడా నార్మలే. చివరికి 24 గంటల మూత్రం పరీక్షలో ‘11 బీటా ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా’ కొంచెం ఎక్కువగా వచ్చింది. ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2 ఆల్ఫా గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని ఇంటర్నెట్‌లో చదివాను. మేం పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నా గర్భసంచిలో ఏదైనా సమస్య ఉందా? ఆస్పిరిన్‌తో ఇది తగ్గుతుందని ఒకరు చెప్పారు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ భయం గురించి చెబుతాను. మీ రిపోర్టులో ఉన్నదీ, మీరు ఇంటర్నెట్‌లో చదివినదీ ఒకటి కాదు. ఆ ‘11 బీటా’ అన్న ముక్కతోనే పదార్థం మారిపోతుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ మారిపోతుంది. ఈ పరీక్షను బట్టి మీ గర్భసంచి గురించి ఏమీ చెప్పలేం. ఇది చూపించేది అలర్జీలో పాల్గొనే మాస్ట్ కణాల వైపు.

ప్రోస్టాగ్లాండిన్లంటే శరీరం తయారు చేసుకునే, హార్మోన్ల లాంటి రసాయనాలు. మన కణాల పొరల్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. కణానికి ప్రేరణ అందగానే అది పొర నుంచి విడివడుతుంది. కాక్స్ ఎంజైములు దాన్ని ప్రోస్టాగ్లాండిన్ హెచ్2గా మారుస్తాయి. అక్కడి నుంచి దారులు చీలిపోతాయి. గర్భసంచి లోపొరలో ఎఫ్2 ఆల్ఫా ఎక్కువగా తయారవుతుంది, నెలసరి నొప్పికి ముఖ్య కారణం అదే. చర్మం, పేగులు, ఊపిరితిత్తుల్లో ఉండే మాస్ట్ కణాలు మాత్రం ప్రోస్టాగ్లాండిన్ డీ2ను తయారు చేస్తాయి. అలర్జీలో హిస్టమిన్‌ను వదిలేవి ఈ కణాలే.

డీ2 రక్తంలో ఎక్కువసేపు నిలవదు, అందుకే దాన్ని నేరుగా కొలవడం కష్టం. దాని 11వ కార్బన్ దగ్గరున్న కీటోన్‌ను ఏకేఆర్1సీ3 అనే ఎంజైము హైడ్రాక్సిల్‌గా, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ల జతగా మారుస్తుంది. అలా పుట్టేదే మీ రిపోర్టులోని 11 బీటా ఎఫ్2 ఆల్ఫా. కొన్ని రిపోర్టుల్లో దీన్నే ‘9 ఆల్ఫా, 11 బీటా ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్2’ అని రాస్తారు. ఇందులోనూ, మామూలు ఎఫ్2 ఆల్ఫాలోనూ 20 కార్బన్లు, 34 హైడ్రోజన్లు, 5 ఆక్సిజన్లే ఉంటాయి. తేడా అంతా ఒక హైడ్రాక్సిల్ ఎటు తిరిగి ఉందన్న దాంట్లోనే ఉంది. అణువులోని ఐదు కార్బన్ల వలయాన్ని బల్ల మీద పెట్టిన గాజులా ఊహించుకోండి. ఎఫ్2 ఆల్ఫాలో 9, 11 స్థానాల్లోని రెండు హైడ్రాక్సిళ్లూ గాజుకు కిందివైపే ఉంటాయి. మీ రిపోర్టులోని దాంట్లో 11వ స్థానంలోనిది పైకి ఉంటుంది. అది పైకి ఉందంటే, ఆ అణువు డీ2 నుంచి వచ్చిందని గుర్తు.

ప్రోస్టాగ్లాండిన్లు చాలావరకు విచ్ఛిన్నమవుతూనే శక్తి కోల్పోతాయి. ఇది అలా కాదు. మనిషి శరీరంలో డీ2 ఇలా మారుతుందని, మారాక కూడా చురుగ్గానే ఉంటుందని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లిస్టన్, రాబర్ట్స్ 1985లో చూపించారు. ఇది రక్త ఫలకికలు (ప్లేట్‌లెట్లు) గుమిగూడకుండా అడ్డుకుంటుంది. శ్వాసనాళాలను దాదాపు డీ2 అంత బలంగా బిగిస్తుంది. అందుకే ఉబ్బసం ఉన్నవారికి అలర్జీ కారకం తగిలినప్పుడు మూత్రంలో ఇది పెరుగుతుంది.

మీ ముఖం ఎర్రబడటానికి వస్తే, అది ప్రధానంగా అసలు డీ2 చేసే పని కావచ్చు. డీ2 చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. హిస్టమిన్‌కు అడ్డుపడే అలర్జీ మాత్రలు డీ2ను ఆపలేవు. వాటితో దురద తగ్గినా, ఎర్రబడటం తగ్గని వాళ్లు ఉంటారు. ‘టెన్షన్ వల్లే’ అని తేల్చేసేది ఎక్కువగా ఇలాంటి వాళ్లకే. మూత్ర పరీక్ష దాకా వెళ్లిన మీ డాక్టరు మంచి పని చేశారు.

ఇక ట్రిప్టేజ్, అంటే మాస్ట్ కణాలు వదిలే ఓ ఎంజైము. అది నార్మల్ అని వదిలేయకండి, ఎప్పుడు తీశారన్నదే ముఖ్యం. లక్షణాలు మొదలైన నాలుగు గంటల్లోపు ఒకసారి, పూర్తిగా తగ్గి కనీసం 24 గంటలు గడిచాక మరోసారి తీసి, రెండూ పోల్చాలి. మామూలు రోజు విలువకు దానిలో 20 శాతం కలిపి, ఇంకో 2 (మిల్లీలీటరుకు నానోగ్రాములు) కూడితే వచ్చేది హద్దు. మామూలుగా మీకు 5 ఉంటే, లక్షణాలున్నప్పుడు 8 వచ్చినా అది చెప్పుకోదగ్గ పెరుగుదలే. రిపోర్టు మాత్రం రెంటినీ నార్మల్ అనే చెబుతుంది.

అలాగని మూత్రంలో ఒక్కసారి కొంచెం పెరిగిందని జబ్బు ఖాయం చేయకూడదు. డీ2ను మాస్ట్ కణాలే కాదు, మెదడులోనూ చర్మంలోనూ ఉండే వేరే కణాలూ తయారు చేస్తాయి. నియాసిన్ మోతాదు ఎక్కువగా ఉన్న విటమిన్ మాత్రలు వేసుకుంటే ముఖం ఎర్రబడటమే కాదు, మూత్రంలో డీ2 అవశేషాలూ పెరుగుతాయి. మీరు వాడే సప్లిమెంట్ల సీసాల మీద ఇది ఉందేమో ఒకసారి చూడండి. మళ్లీ పరీక్ష చేయిస్తే ముందు రోజు ఉదయం తొలి మూత్రం వదిలేసి, మర్నాడు తొలి మూత్రం దాకా మొత్తం పట్టాలి. ఆ డబ్బాను ఫ్రిజ్‌లో ఉంచాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కాక్స్‌ను అడ్డుకుంటాయి కాబట్టి ఫలితం అసలు కన్నా తక్కువగా వస్తుంది. వాటిని ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరును అడగండి. కొన్ని ల్యాబులు దీనిలోంచి రెండు కార్బన్లు పోయిన ‘2,3 డైనార్’ రూపాన్ని కొలుస్తాయి. దాని హద్దులు వేరు, పాత రిపోర్టుతో పోల్చకండి.

మాస్ట్ సెల్ యాక్టివేషన్ (మాస్ట్ కణాలు అతిగా స్పందించే సమస్య) అనాలంటే మూడూ కలవాలి: కనీసం రెండు అవయవ వ్యవస్థల్లో పదేపదే వచ్చే లక్షణాలు, ఆ సమయంలో ఈ రసాయనాలు పెరిగాయన్న రుజువు, వాటికి అడ్డుపడే మందులతో ఉపశమనం. మొదటిది మీలో ఉన్నట్టే ఉంది. మిగతా రెండూ తేలాలి. మామూలు రోజుల్లోనే ట్రిప్టేజ్ 20 దాటినా, చర్మం మీద గోధుమరంగు మచ్చలుండి రుద్దితే ఉబ్బినా, మాస్టోసైటోసిస్ (మాస్ట్ కణాలు అతిగా పెరిగే జబ్బు) కోసం కిట్ అనే జన్యువు పరీక్ష అవసరమవుతుంది. ఎర్రబడటం, విరేచనాలు కలిసి ఉన్నాయి కాబట్టి కార్సినాయిడ్ (హార్మోన్లు వదిలే ఒక రకం కణితి) కాదని తేల్చుకునేందుకు మూత్రంలో 5 హెచ్ఐఏఏ (సెరటోనిన్ అవశేషం) పరీక్ష కూడా చేయించమంటాను.

ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు మొదలుపెట్టకండి. అది కాక్స్‌ను ఆపి డీ2ను తగ్గిస్తుందన్నది నిజమే. మాస్టోసైటోసిస్ రోగుల్లో డీ2 ఎక్కువని 1980లో తేలినప్పటి నుంచి కొందరికి ఇస్తున్నారు కూడా. కానీ మాస్ట్ కణాలు అతిగా స్పందించే వారిలో కొందరికి ఆస్పిరినే ఆ ప్రతిచర్యను రేపుతుంది, బీపీ పడిపోయే దాకా వెళ్లవచ్చు. ఉబ్బసం, ముక్కులో పాలిప్స్ ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా మీరు గర్భం కోసం ప్రయత్నిస్తున్నారు. ఆ సంగతి తెలిసిన డాక్టరే, ఆస్పత్రిలో తొలి మోతాదు ఇచ్చి చూసి నిర్ణయించాలి. ముందు అలర్జీ, ఇమ్యునాలజీ నిపుణులను కలవండి. ఎర్రబడినప్పుడల్లా సమయం, అంతకు ముందు వేసుకున్న మందు, ఎండ, వ్యాయామం, నెలసరి తేదీ రాసి తీసుకెళ్లండి.

ఎర్రబడటంతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరిగి పడిపోయేలా అనిపించడం ఉంటే ఆగకండి. వెంటనే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. ఆయాసంగా ఉంటే పడుకోకుండా కూర్చోండి. ఎవరినైనా అంబులెన్స్ పిలవమనండి. అప్పుడు కావాల్సింది ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్, అలర్జీ మాత్ర కాదు.