ఊరందరికీ దేవుడు, మా నాన్నకు మాత్రం కాదు

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మా తాతయ్య బడిపంతులు. పోయిన కార్తీకంలో ఎనభై ఎనిమిదో ఏట కాలం చేశారు. ఎవరేది అడిగినా లేదనని మనిషి. దివిసీమ ఉప్పెన తర్వాత మా ఇంట్లో నెల రోజులు పొయ్యి ఆరలేదని, ఎంతోమంది పిల్లలకు ఫీజులు కట్టి చదివించారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సంవత్సరీకం నాటికి ఆయన మీద చిన్న పుస్తకం వేయిద్దామనుకున్నాను. నాన్న వద్దంటున్నారు. నాన్నకిప్పుడు అరవై రెండేళ్లు. తను ఇంజినీరింగ్ చదువుతానంటే డబ్బుల్లేవని బీఎస్సీలో చేర్పించి, అదే ఏడాది ఇంకెవరి పిల్లాడికో హాస్టల్ ఫీజు కట్టారట. "ఊరందరికీ దేవుడే, నాకే నాన్న కాలేకపోయాడు. నువ్వు పుస్తకం పంచితే నేను కార్యం ముగించి వెళ్లిపోతా" అంటున్నారు. ట్రంకుపెట్టెలో తాతయ్య దాచిన ప్రోనోట్లు తీసి వసూలు చేద్దామంటాడు బాబాయి. నాకేమో సంవత్సరీకం రోజు అందరి ముందూ వాటిని చింపేయాలనుంది. నానమ్మ ఏమీ మాట్లాడదు, సరిగా తినదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ వీళ్లందరికీ సర్దిచెప్పలేక ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ నాన్నగారు అన్న ఆ మాట కూడా తాతయ్య జ్ఞాపకమే. ఊరివాళ్లు చెప్పుకునేదానికి అది విరోధం అనుకుంటున్నారు గనక మీకింత ఇబ్బంది. రెండూ నిజమే అయ్యుంటాయి. అప్పట్లో పల్లెటూరి బడిపంతులి జీతమెంతో, ఇంటి ఖర్చెంతో ఒక్కసారి ఊహించండి. పరాయి పిల్లాడి ఫీజుకు వెళ్లిన డబ్బు ఇంట్లో ఎవరి వాటాలోంచో తగ్గాల్సిందే. ఆ తగ్గింది ఒకసారి మీ నాన్నగారి వాటా అయింది. 'ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు' అని ఆయన లోలోపల ఎన్నిసార్లు అనుకున్నారో.

కాబట్టి ముందు ఆయనకు తాతయ్య గొప్పతనం వివరించడం మానేయండి. ఆ గొప్పతనం ఆయనకు మీకన్నా బాగా తెలుసు. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు ఉంటాయి. ఇల్లు నిండా కొత్తమనుషులు, కట్టుబట్టలతో మిగిలినవాళ్లు, కన్నవాళ్లు కొట్టుకుపోయిన పిల్లలు. అంతమంది ఏడుస్తుంటే ఆ వయసు కుర్రాడు తన భయం ఎవరికి చెప్పుకుంటాడు? మూడేళ్ల తర్వాత కాలేజీ విషయంలోనూ అదే జరిగింది. తనకన్నా ఎక్కువ అవసరమున్నవాడు ఎప్పుడూ ఒకడు ముందుంటాడు, పోనీ కోప్పడదామా అంటే కోప్పడినవాడే చెడ్డవాడవుతాడు. మంచిపేరున్న మనుషుల పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కువగా ఈ మాటే చెబుతారు.

నలుగురిలో కాకుండా, మీరిద్దరే ఎక్కడికైనా వెళ్తున్నప్పుడు అడగండి. "నాన్నా, ఆ ఏడాది ఏం జరిగిందో చెప్పు, నేను సర్దిచెప్పను" అనండి. అన్నాక నిజంగానే సర్దిచెప్పకండి. మధ్యలో "పాపం తాతయ్య ఉద్దేశం..." అని మొదలుపెట్టారో, ఆయన అక్కడితో ఆపేస్తారు. ఒక్కరోజులో తేలే విషయం కాదిది. మొదటిసారి కసురుకుంటే ఓ నెలాగి మళ్లీ కదపండి.

ఇక నానమ్మ. ఉప్పెన అనగానే ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేసిన సంగతి అందరికీ గుర్తొస్తుంది. ఊళ్లలో అన్నం వండి పెట్టిన ఇళ్ల గురించి ఎవరూ రాసిపెట్టలేదు. మీ ఇంట్లో నెల రోజులు పొయ్యి ఆరలేదు అంటున్నారు కదా, ఆ పొయ్యి దగ్గర కూర్చున్నదెవరు? పేరు తాతయ్యది, రెక్కల కష్టం నానమ్మది. గోదావరి లంకల్లో అడిగినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిని తల్చుకున్నంతగా ఆమె భర్త జోగన్నగారిని ఎవరూ తల్చుకోరు. ఇంట్లో రెండోవాళ్లు సరేననకపోతే ఏ అన్నదానమూ సాగదు. మీ ఇంట్లో ఆ రెండోవాళ్లు నానమ్మ.

ఆవిణ్ని "తాతయ్య గురించి చెప్పు" అని అడిగితే "ఏముందే, మంచి మనిషి" అని ఊరుకుంటారు. చిన్నచిన్నవి అడగండి. అంతా తడిసి ముద్దయిన రోజుల్లో పొయ్యిలోకి ఎండు కట్టెలు ఎక్కడ దొరికాయి? బియ్యం ఎవరిచ్చారు? అన్నం ఏ గుండిగలో వండేవారు, అదిప్పుడు ఎక్కడుంది? అందరూ తిన్నాక మీకు మిగిలేదా? తాతయ్య మీద ఎప్పుడైనా విసుక్కున్నారా? ఫోన్‌లో రికార్డు చేయండి, రోజుకు ఒక్క సంగతి చాలు.

ఆవిడ తిండి విషయం మాత్రం బెంగే కదా అని వదిలేయకండి. మనిషి పోయి ఆరు నెలలు దాటాక కూడా తిండి, నిద్ర, రోజువారీ పనులు కుంటుపడుతుంటే వైద్యులు దాన్ని చికిత్స అవసరమైన సమస్యగానే చూస్తారు. పైగా ఆ వయసులో పళ్ల నొప్పి, థైరాయిడ్, వాడే మందులు, ఏదైనా కారణం కావచ్చు. ముందు ఫిజీషియన్‌కు చూపించండి. దిగులే అని తేలితే 14416కి చేయండి. ప్రభుత్వ టెలీమానస్ లైన్ అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రోనోట్ల విషయంలో మీరు కోప్పడినా సరే ఒక మాట చెప్పాలి. అందరి ముందూ చింపేయడం సినిమాలో బాగుంటుంది. ఆ నోట్లలో మీ బాబాయికీ నాన్నగారికీ హక్కుంది, నానమ్మకూ ఉంది. వాళ్లనడగకుండా చింపితే, ఇంట్లోవాళ్ల వాటాతో ఊరికి దానం చేసినట్టే. మీ నాన్నగారి గొడవంతా దాని గురించే కదా! బాబాయి అడగడంలో దురాశ ఉందని కూడా అనుకోకండి, ఆయన అవసరాలేమిటో ఆయనకే తెలుసు. ముందు తేదీలు చూడండి. ప్రోనోటు మీద దావా వేయాలంటే మామూలుగా రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆ లోపు అప్పు తీసుకున్నవాళ్లు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం చేస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. తాతయ్య లాంటి మనిషి పెట్టెలో కాలదోషం పట్టినవే ఎక్కువుంటాయని నా అనుమానం. వాటి గురించి దెబ్బలాడుకోవడం దండగ. గడువున్నవి ఉంటే వకీలుకు చూపించి, వసూలు చేయాలో వదిలేయాలో ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. సంవత్సరీకానికి భోజనానికొచ్చినవాళ్ల దగ్గర మాత్రం ఆ ప్రస్తావన రానివ్వకండి.

చివరికి పుస్తకం. ఇలాంటివి నేను చాలా చూశాను. అట్ట మీద దండేసిన ఫొటో, లోపల 'పరోపకారి', 'స్నేహశీలి', 'అజాతశత్రువు'. ఫొటో మారిస్తే ఏ ఇంటి పెద్దాయనకైనా సరిపోతుంది. అందులో మీ తాతయ్య కనబడరు. ఆయన చదివించిన పిల్లలు ఈపాటికి యాభైలూ అరవైలూ దాటి ఉంటారు. వాళ్లకు ఫోన్ చేసి, డబ్బిచ్చేటప్పుడు ఆయన ఏమన్నారో, తిరిగిస్తే ఏం చేశారో అడగండి. తిట్టారని చెబితే తిట్టారనే రాయండి. ఆ హాస్టల్ కుర్రాడు దొరికితే మరీ మంచిది. కాకపోతే ఆయన్ని సంవత్సరీకానికి పిలిచి మీ నాన్నగారి పక్కన కూర్చోబెట్టి రాజీ చేయించే ప్రయత్నం చేయకండి.

సంవత్సరీకం పెట్టాల్సింది పెద్దకొడుకుగా ఆయనే. ఆ రోజు ఆయన్ని మనశ్శాంతిగా ఆ పని చేసుకోనివ్వండి. పుస్తకం ఆ తేదీకే రావాలని ఎవరూ అనలేదు, వచ్చే ఏడాదికి వేసినా నష్టం లేదు. అందులో నాన్నగారికి రెండు పేజీలు ఖాళీ ఉంచుతానని చెప్పండి, రాయకపోయినా పరవాలేదనీ చెప్పండి. రాస్తే మాత్రం అక్షరదోషాలు తప్ప మరేమీ దిద్దకండి.