ముందు మైకు ఎక్కడుందో చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

హాలీవుడ్ తొలి టాకీల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. నీ భాష బాగుంది. ఈ ఉత్తరం రాయించింది మాత్రం నాలుగో పేజీలోని ఒక్క వాక్యం: "మైకు ముందు కీచుగొంతు బయటపడటంతో జాన్ గిల్బర్ట్ శకం ఒక్క రాత్రిలో ముగిసింది."

నాయనా, మూకీల నాటి ఆ ప్రేమ కథానాయకుడి గొంతు నువ్వు విన్నావా? 1933లో గ్రేటా గార్బోతో కలిసి నటించిన 'క్వీన్ క్రిస్టినా'లో గిల్బర్ట్ ఉన్నాడు. చూడు. అందరి మగవాళ్ల గొంతులాంటిదే అతనిదీ. కీచుదనం ఎక్కడా లేదు. 1929లో 'హిజ్ గ్లోరియస్ నైట్' అనే చిత్రంలో ప్రేమ సన్నివేశాలకు హాల్లో జనం నవ్వారన్నది నిజం. కానీ వాళ్లు నవ్వింది మాటలకు. మూకీల్లో ప్రేమికుడు పెదవులు కదిపితే చాలు, మాటను చూసేవాళ్లే ఎవరికి వాళ్లు మనసులో కల్పించుకునేవారు. టాకీలో నాటకం నుంచి తెచ్చిన అలంకారాల సంభాషణ, "నిన్ను ప్రేమిస్తున్నాను" అని పదేపదే అనడం, అదంతా నిలుచున్న చోటు నుంచి కదలకుండా అనడం! ఏ గొంతయినా అక్కడ నిలవదు. పైగా 'ఒక్క రాత్రి' అన్నావు. సినిమాకు రెండున్నర లక్షల డాలర్ల చొప్పున అతనితో ఒప్పందం కుదుర్చుకున్న ఎంజీఎం స్టూడియో ఆ తర్వాత కూడా ఏళ్లపాటు అతనితో చిత్రాలు తీసింది. 1932లో వచ్చిన 'డౌన్‌స్టెయిర్స్' కథ అతనిదే, అందులో నటనా బాగుంటుంది. నువ్వు రాసిన కథ 1952లో వచ్చిన 'సింగిన్ ఇన్ ది రెయిన్' నుంచి దిగినట్టుంది. అది టాకీలు వచ్చిన రోజుల మీద తీసిన హాస్యచిత్రం. జరిగిన ఇరవై ఏళ్లకు, నవ్వించడానికి తీసింది. దాన్ని సాక్ష్యంగా పెట్టి చచ్చిపోయిన మనిషి మీద తీర్పు రాయకూడదు.

ఈ పొరపాటు నీ ఒక్కడిదే కాదు. మన సినిమా పేజీల వాళ్లకు కావలసింది ఇలాంటి వాక్యాలే. అంకెలున్న పేరా కనిపిస్తే కత్తెర తీస్తారు. ఆ ఖాళీలో నటి ఫొటో పెద్దది చేస్తారు. కొత్తగా రాసేవాళ్లు అది చూసి, రాయడమంటే ఇదే కాబోలనుకుంటారు. ఇప్పుడు 'తెర వెనుక రహస్యాలు' అన్న ఫ్యాషన్ ఒకటి వచ్చి పడింది. తెర వెనుక ఉన్నది రహస్యం కాదు. మోటార్లు, తీగలు, మైనపు పళ్లేలు. వాటి సంగతి రాసేవాళ్లే కరువయ్యారు.

నీకు చెప్పదలచుకున్నది ఒకటే. 1927 నుంచి 1931 దాకా వచ్చిన ఏ సన్నివేశం గురించి రాసినా, ఆ గదిలో మైకు ఎక్కడుందో తేల్చుకోకుండా నటన మీద, దర్శకత్వం మీద ఒక్క ముక్క కూడా రాయకు.

ఎందుకో చెబుతాను. 'జాజ్ సింగర్' 1927 అక్టోబర్ 6న న్యూయార్క్‌లో విడుదలైంది. దాని వెనకున్న, వార్నర్ స్టూడియో సోదరుల్లో ఒకడైన శామ్ వార్నర్ అంతకు ముందురోజే కన్నుమూశాడు. నువ్వు దాన్ని 'పూర్తి టాకీ' అన్నావు, దిద్దుకో. పాటలు, నేపథ్య సంగీతం పోగా అందులో నోటితో మాట్లాడింది సుమారు రెండు నిమిషాలు. మిగతా కథంతా అక్షరాల పలకలతోనే నడుస్తుంది. మొదటినుంచి చివరిదాకా మాటలున్న మొదటి పెద్ద చిత్రం 1928లో బ్రయన్ ఫాయ్ తీసిన 'లైట్స్ ఆఫ్ న్యూయార్క్'. ఈ రెండూ వార్నర్ వాళ్ల వైటాఫోన్ పద్ధతిలో తీసినవే. అంటే శబ్దం ఫిల్ము మీద ఉండదు, విడిగా గ్రామఫోను రికార్డు మీద ఉంటుంది. రికార్డు అడ్డకొలత 16 అంగుళాలు, వేగం నిమిషానికి 33 1/3 చుట్లు. ముల్లు లోపలి నుంచి బయటికి నడుస్తుంది. ఒక రికార్డు సుమారు 11 నిమిషాలు వస్తుంది. ఎందుకు 11? వెయ్యి అడుగుల రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, అంటే నిమిషానికి 90 అడుగుల చొప్పున నడిస్తే పట్టే సమయం అంతే. రీలుకు ఒక రికార్డు, రెండింటినీ ఒకే మోటారు తిప్పుతుంది.

థియేటర్లో ఆపరేటరు ఫిల్ము మీది ప్రారంభ గుర్తును ప్రొజెక్టరు గేటులో నిలబెట్టి, ముల్లును రికార్డు మీద బాణం గుర్తు దగ్గర పెట్టేవాడు. ఆటకో కొత్త ముల్లు. రికార్డు లేబులు మీద గళ్లుండేవి, వేసినప్పుడల్లా ఒకటి కొట్టేయాలి. ఇరవై ఆటలు దాటితే గాడి అరిగి బుసబుస వినిపిస్తుంది, పక్కన పెట్టేయాలి. ఫిల్ము తెగిందనుకో, మామూలుగా అతికిస్తే కుదరదు. ఎన్ని ఫ్రేములు పోయాయో అన్ని నల్ల ఫ్రేములు లెక్కపెట్టి అతకాలి. ఒక అడుగు ఫిల్ములో 16 ఫ్రేములుంటాయి. అడుగు పోయి ఊరికే అతికిస్తే, అక్కణ్నుంచి రీలు చివరిదాకా పెదవులు ముందు కదిలి మాట సెకనులో మూడింట రెండు వంతులు ఆలస్యంగా వస్తుంది. ముల్లు గాడి తప్పినా ఇదే గతి. "తొలి టాకీల్లో మాటలు పొంతన లేకుండా ఉండేవి" అని రాసి ఊరుకున్నావు. ఎందుకు ఉండేవో ఇలా రాయాలి.

ఇక చిత్రీకరణ. రికార్డుకు మూలం మైనపు పళ్లెం. దాని మీద గాడిగా కోసిన శబ్దాన్ని మధ్యలో కత్తిరించి అతకడం కుదరదు. కాబట్టి సన్నివేశం అంతా ఆగకుండా ఒకే విడతలో ఆడాలి. దగ్గరి షాట్లు కావాలంటే మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి తిరగాలి. కెమెరా మోత మైకులో పడకుండా ఒక్కో దాన్ని అద్దం బిగించిన గదిలో పెట్టి, కెమెరామన్‌ను కూడా లోపలే పెట్టి తలుపు మూసేవారు. గాలి ఆడదు. టేకు అయ్యేసరికి మనిషి చెమటలో తడిసిపోయి బయటపడేవాడు. మూకీల నాటి కార్బన్ ఆర్కు దీపాలు బుసకొడతాయని టంగ్‌స్టన్ బల్బులు తెచ్చారు. వాటితో సెట్టు మరింత వేడెక్కింది. నాలుగు కెమెరాలకూ ఒకేసారి పనికొచ్చే వెలుగు వేయాలి గనక, ముఖం మీద నీడలు చెక్కే పాత పనితనం పోయింది. 1929 నాటి చిత్రాల్లో వెలుగు చదునుగా కనిపించడానికి కారణం ఇదే. నువ్వేమో కెమెరామన్‌కు అభిరుచి లేదని రాశావు.

అప్పటి కండెన్సర్ మైకు నటుడి మాటతో పాటు పట్టుబట్టల గరగర, పూసల గలగల, చెప్పుల చప్పుడు అన్నీ పట్టేది. కాగితం చదివే సన్నివేశమైతే ఆ కాగితాన్ని తడిపి ఇచ్చేవారు. మైకు దీపం గుడ్డ వెనుకో, పూలకుండీలోనో ఉండేది, లేదా పైనుంచి వేలాడేది. నటి ముఖం అటు తిప్పితే మాట మసకబారుతుంది. అందుకే మనుషులు బల్ల చుట్టూ గుమిగూడి మాట్లాడతారు, లేచి నడిచేటప్పుడు నోరు మూస్తారు, కుర్చీలో కూర్చున్నాక మళ్లీ మొదలుపెడతారు. ఈ మూడూ ఒక సన్నివేశంలో కనిపించాయంటే మైకు కదలడం లేదని అర్థం. అక్కడ నటుడు 'బిగుసుకుపోయాడు' అనడం అన్యాయం.

"మైకును కర్రకు కట్టిన మొదటి వ్యక్తి ఎవరు" అని అడిగావు. 1929లో క్లారా బౌతో 'ది వైల్డ్ పార్టీ' తీస్తూ డొరొతి ఆర్జ్‌నర్ చేపలు పట్టే గాలపు కర్రకు మైకు కట్టించి, నటి కదిలిన చోటికల్లా తల మీదుగా తిప్పించింది. అంతకు ముందే 'బెగ్గర్స్ ఆఫ్ లైఫ్'లో దర్శకుడు విలియం వెల్‌మన్ మైకును కదిలించాడని చెప్పేవాళ్లున్నారు, ఇంకొకరి పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. 'మొదటి' అన్న మాట మీద అంత మోజు పెంచుకోకు. ఆ కర్ర వల్ల క్లారా బౌ నడుస్తూ మాట్లాడగలిగింది. రాయవలసింది అది.

మన భాషలోనే చూడు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల తరబడి ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. సెన్సార్ వివరాలు, ఆనాటి పత్రికా ప్రకటనలు తవ్వి తీశాక గానీ అది 1932 ఫిబ్రవరి 6 అని తేలలేదు. పుట్టిన తేదీ తెలుసుకోకుండానే పుట్టినరోజు జరుపుకున్నాం. నువ్వు ఆ చిత్రాన్నీ ఇందులో కలపాలనుకుంటున్నావు గదా, ఇప్పుడే కలపకు. బొంబాయిలో వాడిన యంత్రాల కథ వేరు. వాటి మీద విడిగా కూర్చోవాలి.

దర్శకుడు మామూలియన్‌కు నువ్వు రెండు వాక్యాలిచ్చావు. నాకు అది చాలా బాధనిపించింది. 'అప్లాజ్' 1929లో పారమౌంట్ వాళ్ల ఆస్టోరియా స్టూడియోలో, అంటే న్యూయార్క్‌లో తయారైంది. రూబెన్ మామూలియన్ నాటకరంగం నుంచి వచ్చినవాడు, అదే అతని మొదటి సినిమా. తల్లిగా వేసిన హెలెన్ మోర్గన్ మంచం పక్కన కూర్చుని జోలపాట పాడుతుంటే, కూతురు గుసగుసగా ప్రార్థన చేసుకుంటుంది. రెండూ ఒకేసారి వినిపించాలన్నాడు. ఒక్క మైకుతో పాట పట్టుకుంటే గుసగుస పోతుంది, గుసగుస కోసం పెంచితే పాట మీద పడిపోతుంది. ఇద్దరికీ చెరొక మైకు పెట్టి, రెండు దారుల్లో విడిగా రికార్డు చేసి, తర్వాత కలపమన్నాడు. సౌండు వాళ్లు కుదరదన్నారు. కెమెరా కూడా కదలాలన్నాడు. ఆ బరువైన గదిని చక్రాల మీద తోశారు. జార్జ్ ఫోల్సీ ఛాయాగ్రహణం. ఆ తొలి మూడేళ్ల టాకీలన్నీ కలిపినా ఈ ఒక్క సన్నివేశానికి సాటిరావని నా నమ్మకం. తల్లి పాట, బిడ్డ ప్రార్థన ఒకదాన్నొకటి మింగకుండా చెవిలో పడ్డప్పుడే, నాటకంలో సాధ్యం కానిది టాకీకి సాధ్యమని రుజువైంది.

డగ్లస్ షియరర్ పేరు నీ వ్యాసంలో లేనే లేదు. నటి నార్మా షియరర్ అన్న, ఎంజీఎం సౌండు విభాగానికి పెద్ద. 1929లో 'బ్రాడ్వే మెలొడీ'లో ఒక నృత్యగీతం తెర మీద చూస్తే నచ్చలేదు, మళ్లీ తీయాలన్నారు. శబ్దం బాగానే ఉంది, దాన్నే లౌడ్‌స్పీకర్లలో వినిపించి దానికి తగ్గట్టు ఆడించండి, బొమ్మ ఒక్కటీ తీస్తే చాలన్నాడు షియరర్. వాద్యబృందాన్ని మళ్లీ పిలిచే ఖర్చు తప్పింది. అంతకంటే పెద్ద సంగతి, పాట నడుస్తున్నంతసేపూ మైకు అవసరం లేకపోయేసరికి కెమెరా గదిలోంచి బయటపడింది. పాట ముందే రికార్డు చేసి సెట్టు మీద ప్లేబ్యాక్ వేసి తీయడం తెలుగువాడికి విడమరచి చెప్పాల్సిన పని లేదు. నీ పాఠకుడు వెంటనే అందుకునే చోటు ఇదే, దీనికి ఒక పేజీ కేటాయించు.

ఆరుబయట శబ్దం పట్టిన సంగతికి 'ఇన్ ఓల్డ్ అరిజోనా' రాశావు, సరే. దాని పక్కన 1930 నాటి 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' కూడా చేర్చు. లూయిస్ మైల్‌స్టోన్ యుద్ధ దృశ్యాలను మూకీలాగే తీసి, శబ్దం తర్వాత చేర్పించాడు. కందకాల మీదుగా కెమెరా అంత వేగంగా ఎలా పరుగెత్తిందో అప్పుడు అర్థమవుతుంది.

యాస వల్ల విదేశీ నటులంతా పోయారన్నావు. జర్మన్ నటుడు ఎమిల్ యానింగ్స్ జర్మనీ వెళ్లిపోయాడు, నిజమే. మరి గార్బో? ఆమె స్వీడిష్ యాసను దాచకుండా 'అన్నా క్రిస్టీ'లో ఆ యాసకు సరిపోయే పాత్రే ఇచ్చారు. 1930లో 'గార్బో మాట్లాడుతుంది' అన్నదే ప్రకటన. మూకీల నాటి నటుడు లాన్ ఛేనీ అదే ఏడాది తన ఒకే ఒక్క టాకీ 'ది అన్‌హోలీ త్రీ'లో ఐదు గొంతులు పలికి, అవన్నీ తనవేనని ప్రమాణపత్రం మీద సంతకం చేశాడు. గొంతుకు తగిన పాత్ర దొరికిందా, మైకు ఎంత దూరంలో ఉంది, మాటలు ఎవరు రాశారు? ఒక్కో నటుడికి ఈ మూడూ విడివిడిగా వేసుకుని చూడు. గంపగుత్తగా రాయకు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. ఏదైనా ఒక రీలు తీసుకో, పది పన్నెండు నిమిషాలు చాలు. ముందు శబ్దం ఆపేసి చూడు, మనుషులు ఎక్కడ ఆగుతున్నారో కాగితం మీద గది గీసి గుర్తుపెట్టు. తర్వాత తెర మూసి విను, గొంతు ఎక్కడ దూరమైందో, షాటు మారినప్పుడు వెనుక గుర్రుమనే చప్పుడు మారిందో లేదో రాసుకో. షాటు మారినా ఆ చప్పుడు మారకపోతే నాలుగు కెమెరాలు, ఒకే రికార్డు. మారితే ముక్కలుగా తీసి ఫిల్ము మీద అతికారు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మూడోసారి మొత్తంగా చూడు.

నువ్వు చూస్తున్నది ఏ ప్రింటో కూడా కనుక్కో. సౌండు యంత్రాలు లేని ఊళ్ల కోసం చాలా చిత్రాలకు మూకీ ప్రతి విడిగా వెళ్లేది. అది చూసి టాకీ మీద రాస్తే మొత్తం తప్పుతుంది. శబ్దాన్ని ఫిల్ము మీదే ముద్రించే ఫాక్స్ మూవీటోన్ లాంటి పద్ధతుల్లో శబ్దపు గీత ఫిల్ము అంచున కొంత చోటు తీసుకోవడంతో బొమ్మ దాదాపు చతురస్రంగా మిగిలింది. 1932లో బొమ్మకు అకాడమీ వాళ్ల ప్రామాణిక కొలత వచ్చాక గానీ వెడల్పు తిరిగి రాలేదు. ఆ చతురస్రపు బొమ్మను తర్వాతి కొలతలో ప్రింటు వేసినప్పుడు పైనా కిందా కోసేశారు. నీ ఏడో పేజీలో "తలలు తెగిపోయేలా తీసిన కెమెరా" అన్నావు చూడు, అది కొట్టేయి. ఆ తలలు నెగెటివ్‌లో ఉన్నాయి.

పుస్తకంగా ఎప్పుడు వేయాలి, ఎవరికి పంపాలి అన్నవి తర్వాత మాట్లాడుకుందాం. గిల్బర్ట్ పేజీ, మామూలియన్ పేజీ ముందు తిరగరాసి పంపు. గది గీసిన కాగితం కూడా జతచెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన