క్రెపిటేషన్‌కు ఒకే తెలుగు మాట సరిపోతుందా?

మీరు అనువదిస్తున్న వైద్య నివేదికలో ‘క్రెపిటేషన్’ (శరీరంలో వినిపించే ఒక రకం చప్పుడు) అనే మాట మోకాలికీ ఊపిరితిత్తులకూ వచ్చిందనీ, రెండుచోట్లా ‘చిటపట’ అని రాయవచ్చా అనీ అడిగారు. రాయకూడదనే నా అభిప్రాయం, ఎందుకంటే ఇంగ్లీషులో మాట ఒకటే అయినా వినిపించే చప్పుళ్లు వేరు.

దీని మూలం చిటపటలాడటం అనే అర్థమున్న లాటిన్ క్రియ. ఊపిరితిత్తుల విషయంలో ‘సన్నని చిటపట శబ్దాలు’ అనడం సరైనదే. స్టెతస్కోపును కనిపెట్టిన లెనెక్ 1819లో ప్రచురించిన గ్రంథంలో ఈ శబ్దాన్ని వేడి పాత్రలో ఉప్పు చిట్లే చప్పుడుతో పోల్చాడు. చెవి దగ్గర నాలుగు వెంట్రుకలను వేళ్ల మధ్య నలిపి చూడండి, దాదాపు అదే వినిపిస్తుంది. మూసుకుపోయిన సన్నని గాలిగొట్టాలు ఊపిరి పీల్చినప్పుడు ఒక్కసారిగా తెరుచుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. ఇక్కడ ‘పిల్లికూతలు’ అని మాత్రం రాయకండి. అవి ఈలలా సాగే శబ్దాలు, ఇవి తెగితెగి వచ్చేవి, పైగా ఆ పొరపాటు చదివేవారిని ఉబ్బసం వైపు మళ్లిస్తుంది.

మోకాలికి ‘గరగర’ నప్పుతుంది, ఎందుకంటే అరిగిన మృదులాస్థి రాసుకునేటప్పుడు చేతికి కూడా ఆ గరుకుదనం తెలుస్తుంది. విరిగిన ఎముక కొనలు ఒరుసుకున్నప్పుడు వచ్చే చప్పుడుకూ అదే వాడవచ్చు.

కొన్ని మిడతలు ఎగురుతూ రెక్కలతో చేసే చప్పుడునూ ఇంగ్లీషులో ఈ మాటతోనే చెబుతారు. దానికి ‘టపటప’ చాలు.