సౌదీ ఆఫర్ సరే... ముందు క్యాలెండర్ చూసుకోండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరుగా సబ్‌స్టేషన్ల టెస్టింగ్, కమిషనింగ్ చేస్తుంటాను. జీతం నెలకు రూ.85,000. సౌదీలో ఒక సోలార్ ప్లాంటు కోసం కడుతున్న 380 కేవీ సబ్‌స్టేషన్‌లో రెండేళ్ల కాంట్రాక్టు మీద అవకాశం వచ్చింది. నెలకు 12,000 రియాళ్లు, వసతి, భోజనం వాళ్లవే. అక్టోబరు మొదటి వారంలో చేరమంటున్నారు. సగం జీతం ఇక్కడి ఖాతాలోనే వేస్తారట. ఇంటి రుణం ఇంకా రూ.32 లక్షలు ఉంది, ఈఎంఐ రూ.34,000. భార్య, ఐదేళ్ల పాప, అమ్మానాన్న నాతోనే ఉంటారు. షాద్‌నగర్ వైపు ఫామ్‌ల్యాండ్ వాయిదాల మీద తీసుకోమని మా బావమరిది చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. కాకపోతే ఆ అక్టోబరు మొదటి వారం అన్నదాన్ని మార్పించుకునే ప్రయత్నం చేయండి.

ఏప్రిల్ 1 నుంచి రోజులు లెక్కపెడితే సెప్టెంబరు 28కి 181 అవుతాయి. ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ ఉన్న రోజులు 182కు చేరకపోతే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాదికి ఎన్నారై అవుతాడు. చేరితే మాత్రం ఇక్కడి నివాసే, అప్పుడు సౌదీ జీతం కూడా మన దేశంలో చూపించాలి. అక్కడ జీతం మీద పన్ను లేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికి కూడా ఏమీ ఉండదు. మీ అంకెలతో లెక్క వేశాను, ఆ ఒక్క ఏడాదికే తేడా రూ.2 లక్షలు దాటుతోంది. అందుకని సెప్టెంబరు 20కల్లా విమానం ఎక్కేలా హెచ్ఆర్‌తో మాట్లాడండి.

అక్కడితో అయిపోలేదు. సెప్టెంబరు 20న బయల్దేరితే మీ ఖాతాలో 173 రోజులు పడ్డట్టే. ఇంకా మిగిలేది ఎనిమిది. సంక్రాంతికి పది రోజుల సెలవు పెట్టి వచ్చారంటే మొత్తం 183 అయి, పడ్డ శ్రమంతా వృథా. వచ్చిన రోజు, వెళ్లిన రోజు కూడా లెక్కలోకి వస్తాయనుకునే ప్లాన్ చేసుకోండి. మొదటి ఏడాది పండగ వీడియో కాల్‌లోనే. ఇంట్లో ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే డిసెంబరులో గొడవవుతుంది. మార్చి దాటాక వస్తే కొత్త ఏడాది లెక్క మొదలవుతుంది, ఇంత బిగింపు ఉండదు.

సగం జీతం ఇక్కడ వేస్తామన్నారు కదా, వద్దని చెప్పండి. ఎన్నారై అయినా, జీతం మొట్టమొదట చేతికందింది భారత్‌లో అయితే దానిమీద పన్ను అడుగుతారు. మొత్తం సౌదీ బ్యాంకు ఖాతాలో పడాలి, అక్కడి నుంచి మీరు ఎన్ఆర్‌ఈ ఖాతాకు (విదేశీ సంపాదన కోసం ఎన్నారైలు ఇక్కడ తెరిచే ఖాతా) పంపుకోవాలి. ఆ ఖాతా వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇప్పుడున్న సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓగా (ఎన్నారైల ఇక్కడి ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించండి, చాలామంది ఈ పని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు.

ఫామ్‌ల్యాండ్ సంగతికొస్తే, మీ బావమరిది గారి సలహా చట్టం దగ్గరే ఆగిపోతుంది. ఎన్నారైలు ఇల్లు కొనొచ్చు, ఇళ్ల స్థలం కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ఒప్పుకోదు. గుంటల లెక్కన అమ్మే ఆ భూమి కాగితాల్లో వ్యవసాయ భూమే అయి ఉంటుంది, ఒకసారి చూడండి. వెళ్లేలోపే కొనేస్తే అన్న ఆలోచన కూడా వద్దు. ఎందుకంటే వాయిదాలు మీ కాంట్రాక్టు కంటే పొడుగ్గా ఉంటాయి.

అసలు నా భయం అదే. మీ రంగం మీకు నాకన్నా బాగా తెలుసు. బే (సబ్‌స్టేషన్‌లో ఒక్కో లైనుకు ఉండే భాగం) ఒక్కొక్కదానికీ కరెంటు ఇచ్చి, పంచ్ పాయింట్లు (చివర్లో మిగిలిన చిన్న పనులు) పూర్తి చేశాక టెస్టింగ్ టీమ్‌నే ముందు డీమొబిలైజ్ చేస్తారు, అంటే సైటు నుంచి పంపించేస్తారు. ఇంకో ప్రాజెక్టు వెంటనే దొరకొచ్చు, ఆర్నెల్లు ఖాళీగా కూర్చోవాల్సి రావొచ్చు. కాబట్టి 12,000 రియాళ్లను శాశ్వత జీతంగా అనుకోకండి.

రియాల్ రూ.23 అనుకుంటే నెలకు రూ.2.76 లక్షలు. డాలరుకు 3.75 చొప్పున రియాల్‌ను 1986 నుంచి కట్టేసి ఉంచారు కాబట్టి దాని విలువ డాలరుతోపాటే కదులుతుంది. మీ ఖర్చుకు 1,500 రియాళ్లు, ఇంటికి రూ.60,000, ఈఎంఐ తీసేస్తే దాదాపు రూ.1.47 లక్షలు మిగలాలి. మొదటి ఎనిమిది నెలలు మిగిలిందంతా ఎన్ఆర్‌ఈ డిపాజిట్లలో వేయండి. ఏడాదిలోపు తీస్తే వడ్డీ రాదు, అందుకే చిన్న చిన్న ముక్కలుగా వేయండి. అంటే ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి ఏడాదికి సరిపడా నిధి చేతిలో ఉంటుంది. ఆ తర్వాత పదహారు నెలల మిగులు, రూ.23 లక్షల పైచిలుకు, ఇంటి రుణానికి కట్టేయండి. ఫ్లోటింగ్ వడ్డీ రుణమైతే ముందే కట్టినందుకు చార్జీ ఉండదు. షేర్లు, ఫండ్లు ఆ తర్వాత చూద్దాం.

కుటుంబాన్ని వెంటనే తీసుకెళ్లకండి. అక్కడ ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 400 రియాళ్ల ఫీజు ఉంది. భార్య, పాప ఇద్దరికీ 800, స్కూలు ఖర్చు వేరు.

ఉద్యోగం వదిలేస్తే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుందని గుర్తుందా? నాన్నగారికి షుగరో బీపీయో ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బులకు క్లెయిమ్ రాదు. ఉన్న గ్రూప్ పాలసీని అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుందేమో రాజీనామాకు ముందే అడగండి. టర్మ్ పాలసీ లేకపోతే అది కూడా ఇక్కడున్నప్పుడే తీసుకోండి.

ఏజెంటు ద్వారా వెళ్తుంటే ఒక్క మాట. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ రూ.30,000, దానిమీద జీఎస్టీ. ఇకామా (సౌదీ నివాస అనుమతి), వర్క్ పర్మిట్ ఖర్చులు, పని ముగిశాక తిరుగు టికెట్ యజమానివేనని సౌదీ కార్మిక చట్టం చెబుతోంది. అదే చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లలో ఏడాదికి అర నెల జీతం చొప్పున సర్వీసు ముగింపు సొమ్ము వస్తుంది. రెండేళ్లకు మీకు ఒక నెల జీతమన్నమాట. రెండేళ్లు నిండకుండా మీరే రాజీనామా చేస్తే ఏమీ రాదు. ఇరవై రెండో నెలలో ఇంకెవరైనా పిలిస్తే ఆ రెండు నెలలు ఆగమని వాళ్లకే చెప్పండి.