నలభై పుల్లల లెక్క

చి. బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు కోళ్లు కాల్చడానికి జపాన్ వెళ్తుందట, నీ బుద్ధులే వచ్చాయి దానికి" అని దులిపేసింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. వీసా కాగితాలకి రెండేసి నకళ్లు తీసి పెట్టుకో. గోళ్లు పెరగనివ్వకు. ఎవరి కత్తీ అడక్కు, నీది నువ్వు కొనుక్కో. యజమానిని 'తైషో' అని పిలువు. అంతే.

ఇక కోడి సంగతి. నువ్వు చేరేది నాగోయా కొచ్చిన్ అనే జాతి కోడిని పుల్లలకి గుచ్చి కాల్చే కొట్టట కదా. ఆ పేరు చూసి కేరళ కొచ్చి అనుకునేవు. మేజీ కాలంలో (1868–1912) కొలువులు పోయిన సమురాయ్‌లు పొట్టకూటికి కోళ్లు పెంచారు. వాళ్లలో కైఫు అన్నదమ్ములు నాగోయా దగ్గర కొమాకిలో, చైనా నుంచి వచ్చిన కొచ్చిన్ జాతిని ఊరి కోళ్లతో దాటించి దీన్ని పుట్టించారు.

ఈ కొచ్చిన్ లాంటి కోళ్లని అక్కడ 'జిదోరి' అంటారు. అంటే మన పెరట్లో పెంట కెలుక్కునే నాటుకోడి లాంటిదే అని నేనూ అనుకున్నాను. కాదు, దానికో లెక్క ఉంది. సర్కారు ప్రమాణం ప్రకారం మేజీ కాలానికే ఆ దేశంలో ఉన్న జాతుల రక్తం సగమైనా ఉండాలి. 75 రోజులకి తక్కువ పెంచకూడదు. 28 రోజులు దాటాక నేలమీదే తిరగాలి, అదీ చదరపు మీటరుకి 10 కోళ్లకి మించకుండా. కొచ్చిన్‌ని అయితే నాలుగు నెలల పైనే మేపుతారు. అకితాలో హినాయి కోడికి 1942 నుంచి ప్రభుత్వ రక్షణ ఉంది, దాన్ని కొయ్యరు. దాని పుంజుని రోడ్ ఐలాండ్ రెడ్ పెట్టతో దాటిస్తే వచ్చేదే కుండలో ఉడికే హినాయి జిదోరి. కగోషిమా వైపు సత్సుమా కోడి కాలికి ఒకప్పుడు కత్తి కట్టి పందెం వేసేవారని చెబితే, మీ తాతయ్య మంచం మీద లేచి కూర్చుని, "అయితే వాళ్లకీ సంక్రాంతి ఉందన్నమాట" అన్నారు.

మంట దగ్గర ఫారం కోడి అలవాటు మరిచిపో. ఈ కండ బిగువు, ఓ క్షణం ఎక్కువైతే చెప్పు తోలే. బించోతాన్ బొగ్గు పొగ రాదు కదా అని ఏమరకు, దాని సెగ నీ చెయ్యే చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా తెలియదు.

2003లో నేను నాగోయాలో చదువుకుంటూ, వారానికి 28 గంటలు ఓ చిన్న కొట్టులో పని చేసేవాణ్ణి. మూడేళ్లయ్యాక తైషో కుంపటి దగ్గరికి రానిచ్చాడు. రోజుకి నాలుగు కొచ్చిన్‌లు వచ్చేవి. తొడలు ఎనిమిది, తొడకి ఐదు పుల్లల చొప్పున నలభై. అవి అయిపోతే బోర్డు మీద కొచ్చిన్ పేరున్న చెక్క తిప్పేయాలి, అంతే. మామూలు కోడి పుల్లలు పక్క డబ్బాలో ఉండేవి, ధర సగం.

ఆ శనివారం తైషో వాళ్లమ్మ సంవత్సరీకానికి వెళ్లాడు. ఎనిమిదింటికల్లా నలభై అయిపోయాయి. ఆఫీసు వాళ్లు ఓ గుంపు వచ్చి కొచ్చిన్ తొడే కావాలన్నారు. చెక్క తిప్పడానికి చెయ్యెత్తాను కూడా. ఏం పుట్టిందో, పక్క డబ్బాలోవి పన్నెండు తీసి ఉప్పు కాస్త ఎక్కువ చల్లి కాల్చాను. ఒక్కడూ కనిపెట్టలేదు. ఒకాయన "ఫారం కోడికీ దీనికీ ఎంత తేడా!" అని పక్కవాడికి చెబుతుంటే వంగి దణ్ణం కూడా పెట్టాను.

రాత్రి తైషో వచ్చి బిల్లులు చూసుకున్నాడు. కొచ్చిన్ తొడ: యాభై రెండు. నావైపు చూసి, "నాలుగు కోళ్లకి ఎన్ని కాళ్లు?" అన్నాడు. ఆ ఒక్క మాటే. మర్నాడు తలుపు మీద కాగితం అంటించాడు: శనివారం రాత్రి మేము వేరే కోడిని కొచ్చిన్ అని అమ్మాం, తిన్నవాళ్లు వచ్చి డబ్బు తీసుకోండి. నా పేరు రాయలేదు, తన పేరే రాసుకున్నాడు. వారంలో ముగ్గురొచ్చారు. ఆ తేడా చెప్పినాయన వచ్చి, "రుచిగానే ఉంది, డబ్బెందుకు" అని ఎర్రగా మొహం పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ మా కొట్టుకి రాలేదు బుజ్జీ. తన మానాన తిని వెళ్లే మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాను.

నన్ను పనిలోంచి తీసేయలేదు. మూడు నెలలు పుల్లలు గుచ్చడానికే కూర్చోబెట్టాడు. గుచ్చడం మూడేళ్లు, కాల్చడం జన్మంతా అంటారక్కడ. నాకు మూడేళ్ల మూడు నెలలు పట్టింది. 2007లో అకితాలో ఒక కంపెనీ గుడ్లు మానేసిన ముసలి పెట్టల్ని హినాయి జిదోరి పేరుతో అమ్మి పట్టుబడింది. టీవీలో అది వస్తుంటే తైషో నావైపు తిరగనైనా తిరగలేదు. తిరిగినా బాగుండేది.

కోడి అయిపోతే చెక్క తిప్పెయ్. ఎవరు అలిగి వెళ్లినా సరే.

ఇంకో భయం. దక్షిణాన మియజాకి, కగోషిమాల్లో కోడిని పచ్చిగా కోసి వడ్డిస్తారు. తోటివాళ్లు మొహమాటపెడతారు. జిదోరి అయినంత మాత్రాన కాంపిలోబాక్టర్ అనే క్రిమి ఉండదనేమీ లేదు, దాని వల్ల కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లూ ఉన్నారు. "నాకు కడుపు నొప్పి" అని అబద్ధం చెప్పు. ఈ ఒక్క అబద్ధానికీ నా అనుమతి ఉంది.

చలి కోటు ఇక్కడ కొనకు, అక్కడే కొను, డబ్బు పంపుతాను. మొదటి నెల చేతులు కాలతాయి. ఫోటోలు మీ అమ్మకి పంపకు, నాకు పంపు. పుల్లల సంగతీ దానికి చెప్పకు. నేను నాగోయాలో చదువు తప్ప ఇంకేమీ చేయలేదని అది ఊరంతా చెప్పుకుంటోంది.

మీ మామయ్య